అటక మీది ట్రంకు పెట్టెలో పాత స్టాంపులు దొరికితే: విలువ తేల్చుకునే పద్ధతి

పాత ఇల్లు కూలగొట్టి కొత్తది కట్టేటప్పుడు అటక మీది నుంచి ఒక ట్రంకు పెట్టె కిందికి దిగుతుంది. అందులో పట్టా కాగితాలు, చెల్లిపోయిన ప్రామిసరీ నోట్లు, అన్నిటికీ అడుగున ఒక ఉత్తరాల కట్ట. తిరుపతి, చిత్తూరు వైపు చాలా ఇళ్లలో జరిగేదే ఇది. కట్ట చేతికి రాగానే ఒకరు "పాత స్టాంపులకు లక్షలిస్తారంట" అంటారు, ఇంకొకరు వెళ్లి కత్తెర తెస్తారు. ముందు ఆ కత్తెరను లోపల పెట్టేయండి. కవరు మీది స్టాంపును కత్తిరించకండి, పీకకండి, నీళ్లలో నానబెట్టకండి. మిగతాదంతా చదివే ఓపిక లేకపోయినా ఈ ఒక్క మాట పాటిస్తే మీ పెట్టెలో ఉన్న విలువ చెడకుండా ఉంటుంది.

మన ఇళ్లలో దొరికే స్టాంపుల్లో ఎక్కువ భాగం కోట్లలో అచ్చయినవి. విడిగా తీస్తే వాటిని రెండు రూపాయలకు అడిగేవాళ్లు కూడా ఉండరు. అదే స్టాంపు కవరు మీద, మన ఊరి పోస్టాఫీసు ముద్రతో, తేదీతో, చిరునామాతో పూర్తిగా ఉంటే కథ మారుతుంది. అలాంటి స్టాంపులు లక్షల సంఖ్యలో ఉండవచ్చు, ఆ కవరు మాత్రం లోకంలో అదొక్కటే.

కట్ట విప్పడం

బల్ల మీద శుభ్రమైన తెల్ల కాగితం పరవండి. చేతులు కడుక్కుని బాగా ఆరనివ్వండి. ఫ్యాన్ ఆపండి. రబ్బరు బ్యాండు ఉంటే కత్తిరించి తీయండి, లాగితే కవరు అంచు చిరుగుతుంది. తుప్పు పట్టిన గుండుసూదులను నెమ్మదిగా తీసి పక్కన పెట్టండి. ఏ ఉత్తరం దేని పక్కన ఉందో ఆ వరుస చెదిరిపోకముందే ప్రతిదానికీ ముందూ వెనకా ఫోన్‌తో ఫోటో తీయండి. వెనక వైపు తప్పనిసరి, ఉత్తరం చేరిన ఊరి ముద్ర చాలాసార్లు అక్కడే ఉంటుంది.

పూర్వం ఉత్తరాలను కొన వంచిన ఇనుప తీగకు గుచ్చి గోడకు వేలాడదీసేవాళ్లు. మీ కట్టలో సగం కార్డులకు నడుమ చిల్లు, చుట్టూ తుప్పు మరక ఉంటే కారణం అదే. చిల్లు ధర తగ్గిస్తుంది, నిజమే. అయినా ముద్ర స్పష్టంగా ఉన్న కార్డును చిల్లు ఉందని పారేయకండి. స్టాంపు అచ్చు కార్డు మీదే ఉన్నప్పుడు ఆ బొమ్మ వరకు కత్తిరించుకోవడం ఇంకా పెద్ద నష్టం. మన దేశంలో పోస్టుకార్డు 1879లో వచ్చింది. అప్పటి కార్డు మొత్తంగా ఉంటేనే దానికి విలువ.

విడి స్టాంపులు కనిపిస్తే వేళ్లతో ఎత్తకండి. కొన చదునుగా ఉండే స్టాంపు ట్వీజర్స్ ఆన్‌లైన్‌లో తక్కువ ధరకే వస్తాయి. కనుబొమ్మలకు వాడేది పనికిరాదు, దాని కొన గుచ్చుకుంటుంది.

కాలం కనుక్కోవడం

తేదీ ముద్ర చదవగలిగితే అదే చాలు. చెరిగిపోయి ఉంటే స్టాంపు మీది తల చూడండి. విక్టోరియా రాణి అయితే 1902కు ముందు అచ్చు. గడ్డంతో, తల వరకే కనిపించే రాజు ఏడో ఎడ్వర్డు. గడ్డంతో భుజాల మీద రాజవస్త్రం కూడా కనిపిస్తే అయిదో జార్జి, 1911 తర్వాతిది. గడ్డం లేని రాజు ఆరో జార్జి, 1937 నుంచి స్వాతంత్య్రం దాకా. ఈ ఆరో జార్జి కాలంలోనే టపా మోసే మనిషి, ఎద్దుబండి, టాంగా, ఒంటె, రైలు, ఓడ, లారీ, విమానం బొమ్మలతో ఒక వరుస వచ్చింది. ఇళ్లలో దొరికితే పిల్లలు ముందు ఇష్టపడేవి ఇవే.

విలువ అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్ 1కి ముందుది, 'నయా పైసా' అని ఉంటే ఆ తర్వాతది. కవరు మీద పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతది, ఎందుకంటే పిన్ మొదలయింది ఆ రోజే. చిరునామా కూడా కాలం చెబుతుంది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది, అంతకుముందు చిత్తూరు ఊరు నార్త్ ఆర్కాట్ జిల్లాలో ఉండేది. చిత్తూరుకు వచ్చిన కవరు మీద నార్త్ ఆర్కాట్ అని రాసి ఉంటే దాన్ని విడిగా తీసి పెట్టండి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా చిరునామాలో మద్రాసు పేరు కనిపించడం మామూలే. తిరుపతి జిల్లా అయితే 2022లో వచ్చింది, 1911 నుంచి అప్పటిదాకా తిరుపతి చిత్తూరు జిల్లాలోనే ఉండేది.

ప్రామిసరీ నోట్ల మీది స్టాంపుల గురించి చాలామంది అడుగుతారు. 1906 నుంచి కొన్ని స్టాంపుల మీద 'ఇండియా పోస్టేజ్ అండ్ రెవెన్యూ' అని అచ్చు వేశారు, అంటే ఉత్తరానికీ నోటుకూ రెండిటికీ చెల్లుతాయి. నోటు మీద అతికించి సంతకంతో కొట్టేసినదాన్ని తపాలా స్టాంపులు సేకరించేవాళ్లు పెద్దగా పట్టించుకోరు. రెవెన్యూ, కోర్టు ఫీజు స్టాంపులకు వేరే సేకర్తలు ఉన్నారు. అక్కడ కూడా పత్రం మొత్తం ఉంచడమే మంచిది.

విలువ ఎక్కడ పుడుతుంది

పాతదైతే చాలు ఖరీదైనది అనుకోవడం దగ్గరే చాలామంది పొరబడతారు. లోకంలో మొదటి తపాలా స్టాంపు 1840లో బ్రిటన్ వేసిన పెన్నీ బ్లాక్. దాని కంటే పాతది లేదు. అయినా సుమారు 6 కోట్ల 80 లక్షలు అచ్చయ్యాయి కాబట్టి ఇవాళ కూడా డబ్బు పెడితే దొరుకుతుంది. దానికి పదహారేళ్ల తర్వాత బ్రిటిష్ గయానాలో వచ్చిన ఒక సెంటు ఎర్ర స్టాంపు మాత్రం ఒక్కటే మిగిలింది. 2014లో అది దాదాపు 95 లక్షల డాలర్లకు పోయింది. వయసులో చిన్నదే, కానీ దానికి జత లేదు.

మరి కొరత ఎలా వస్తుంది? కొన్నిసార్లు తయారీలోనే ఉంటుంది. 1852లో సింధ్ ప్రాంతంలో కమిషనర్ బార్టిల్ ఫ్రేర్ 'సింధ్ డాక్' పేరుతో అర్ధణా బిళ్లలు తెచ్చారు. ఆసియాలో అంటించే స్టాంపులకు అదే మొదలు. ఎర్ర రకాన్ని పెళుసైన లక్క లాంటి బిళ్ల మీద ఒత్తడంతో అది చిట్లిపోయేది. రెండేళ్లకే దేశమంతటికీ ఒకే స్టాంపులు వచ్చి వీటిని ఆపేశారు, మిగిలినవి నాశనం చేశారు. అందుకే ఇవాళ వాటికి అంత ధర.

కొన్నిసార్లు కొరత పొరపాటులో పుడుతుంది. 1854లో కలకత్తాలో అచ్చు వేసిన నాలుగణాల స్టాంపుకు రెండు రంగులు, ఎర్రటి చట్రం, లోపల నీలం రంగులో రాణి తల. ఒక రంగు వేశాక కాగితాన్ని మళ్లీ యంత్రానికి పెట్టాలి. ఎక్కడో ఒక కాగితం తిరగబడింది, రాణి తల కిందులైంది. లోకంలో రెండు రంగుల తొలి స్టాంపుల్లో ఇదొకటి, తల కిందులైన ప్రతులు కొన్నే మిగిలాయి. అమెరికాలో 1918లో విమానం తలకిందులుగా పడిన 24 సెంట్ల స్టాంపు కూడా అంతే, బయటికి వచ్చింది వంద స్టాంపుల ఒక్క షీటు.

ఇక మన గాంధీ గారి స్టాంపు. 1948 ఆగస్టు 15న, స్వాతంత్య్రం వచ్చిన ఏడాదికి, స్విట్జర్లాండ్‌లోని కూర్వోయిజియే సంస్థలో అచ్చు వేయించి నాలుగు విలువల్లో విడుదల చేశారు: ఒకటిన్నర అణా, మూడున్నర అణా, పన్నెండు అణాలు, పది రూపాయలు. ఆ రోజుల్లో పది రూపాయలు పెట్టి స్టాంపు కొన్నవాళ్లు తక్కువ, అందుకే మిగతా మూడిటి కంటే అది ఖరీదు. గవర్నర్ జనరల్ కార్యాలయం కోసం వాటి మీద 'సర్వీస్' అని అదనంగా అచ్చు వేసినవి నూరేసి మాత్రమే. ఆ పది రూపాయల సర్వీస్ స్టాంపులు నాలుగు కలిసి ఉన్న ఒక వరుస 2017లో లండన్‌లో 5 లక్షల పౌండ్లకు అమ్ముడైంది. ఇక్కడ కొరత ఒక్కటే కాదు, కావాలనుకునే మనుషులు కూడా ఉన్నారు. గాంధీ గారి స్టాంపుల కోసమే ఆల్బమ్ పెట్టుకునేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. ఎవరికీ అక్కర్లేని అరుదైన స్టాంపు ధర పలకదు.

దీనికి ఎదురు ఉదాహరణ నిజాం స్టాంపులు. హైదరాబాద్ సంస్థానం 1869 నుంచి సొంత స్టాంపులు వేసుకుంది, వాటి మీద తెలుగు అక్షరాలు కూడా ఉంటాయి. 1931లో వచ్చిన చార్మినార్ ఒక అణా స్టాంపు చూస్తే మన కంటికి ఎంతో ఇష్టంగా ఉంటుంది. కానీ అవి విరివిగా వాడినవి, చవకగానే దొరుకుతాయి. అమ్మడానికి కాదు, ఆల్బమ్‌లో పెట్టుకోవడానికి మంచివి. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారి స్టాంపు 1987లో వచ్చింది, అది కూడా అంతే.

కవరును చదవడం

చిత్తూరు గ్రీమ్స్‌పేటలో తెలిసినవాళ్ల ఇంట్లో చూసిన ఒక కవరు గురించి చెబుతాను. మట్టి రంగు కాగితం, కుడి పై మూల బర్మా అని అచ్చయిన ఆరో జార్జి స్టాంపు, దాని మీద గుండ్రటి రంగూన్ ముద్ర, సంవత్సరం 1941. ఎడమ అంచును ఎవరో కోసి మళ్లీ చీటీతో అతికించారు. అది సెన్సారు చీటీ, యుద్ధకాలంలో ఉత్తరాలు తెరిచి చదివి పంపేవాళ్లు. వెనక చిత్తూరు ముద్ర, అందులో చేరిన తేదీ. ఇంట్లో పిల్లవాడికి బర్మా స్టాంపు మీద మనసైంది, ఆల్బమ్‌లో పెట్టుకోవాలని. ఆ స్టాంపు విడిగా కొనాలంటే పెద్ద ఖర్చేమీ కాదు. కానీ 1942 మార్చిలో జపాను సైన్యం రంగూన్‌లోకి వచ్చింది, ఇటు ఉత్తరాలు ఆగిపోయాయి. ఆ చివరి నెలల కవరు, పంపిన ఊరు, తనిఖీ, చేరిన ఊరు మూడూ ఒకే కాగితం మీద ఉండటం సేకర్తకు కావాలి. స్టాంపు పీకితే ఆ మూడింటి బంధం తెగిపోతుంది.

మీ కట్టలో వెతకాల్సినవి ఇలాంటివే. సెన్సారు చీటీలు, యుద్ధకాలపు సైనిక పోస్టాఫీసు ముద్రలు, రైల్లోనే ఉత్తరాలు వేరుచేసే ఆర్.ఎం.ఎస్. ముద్రలు, ఇప్పుడు మూతపడిన చిన్న పల్లె పోస్టాఫీసుల ముద్రలు, చిరునామాదారు దొరక్క తిరిగి వచ్చిన ఉత్తరాలు, స్టాంపు తక్కువై రెట్టింపు వసూలు చేసిన గుర్తు ఉన్నవి. పెళ్లి శుభలేఖ పంపితే తిరుమల నుంచి అక్షతలు, కుంకుమతో వచ్చిన కవరు మీ ఇంట్లో ఉంటే దాన్ని కూడా ఉంచండి. పెద్ద ధర రాదు, అయినా తిరుమల తిరుపతి మీద సేకరించేవాళ్లు దాన్ని ఇష్టంగా తీసుకుంటారు.

స్టాంపు ఒంటి పరీక్ష

విడి స్టాంపును పది రెట్లు చూపించే భూతద్దం కింద పెట్టండి. అంచున ఉన్న పళ్లలో ఒక్కటి విరిగినా ధర పడిపోతుంది. బొమ్మ నాలుగు వైపులా సమంగా మధ్యలో ఉందా చూడండి. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే ఎక్కడైనా కాగితం పలచబడి ఉంటే తెలుస్తుంది, గతంలో ఎవరో కవరు నుంచి పీకిన గుర్తు అది. వాడని స్టాంపు అయితే వెనక జిగురు చెక్కుచెదరకుండా ఉండాలి. ఆల్బమ్‌లో అతికించడానికి వాడిన చిన్న కాగితం, అంటే హింజ్, దాని మచ్చ ఉన్నా ధర తగ్గుతుంది.

వాటర్‌మార్క్, అంటే కాగితం తయారీలోనే పడే గుర్తు, మరచిపోవద్దు. 1865 నుంచి ఏనుగు తల, 1880ల నుంచి ఒక నక్షత్రం, 1926 నుంచి కాగితమంతా చిన్న చిన్న నక్షత్రాలు, ఆ తర్వాత అశోక స్తంభపు సింహాలు. స్టాంపును నల్లటి పలక మీద బోర్లా పెడితే కొన్నిటికి ఊరికే కనిపిస్తుంది. బొమ్మా రంగూ ఒకటే అయినా వాటర్‌మార్క్ తేడాతో ధర పదింతలు మారే సందర్భాలు ఉన్నాయి. అంచు చిల్లులు లెక్కించడానికి గేజ్ అనే కొలబద్ద ఉంటుంది, రెండు సెంటీమీటర్లలో ఎన్ని చిల్లులు వస్తే అదే లెక్క.

1854 నాటి స్టాంపులకు అసలు చిల్లులే లేవు, పోస్టాఫీసులో కత్తెరతో కోసి ఇచ్చేవాళ్లు. అందుకే నాలుగు వైపులా అంచు మిగిలిన ప్రతి దొరకడం కష్టం, ధర కూడా ఆ అంచును బట్టే.

దొంగ సరుకు

ధర ఉన్న ప్రతిదానికీ నకలు ఉంటుంది. సింధ్ డాక్‌కు నకళ్లు లెక్కలేనన్ని. చిల్లులున్న స్టాంపుల అంచు కోసేసి పాతవాటిగా చూపించేవాళ్లున్నారు. గాంధీ పది రూపాయల స్టాంపుకు అసలు చిల్లుల కొలత 11½. కొలత తేడా వస్తే అనుమానించండి. భూతద్దంలో నాలుగు రంగుల చుక్కలు విడివిడిగా కనిపిస్తే అది ఇప్పటి ప్రింటర్ పని. 'సర్వీస్' లాంటి అదనపు అచ్చు పోస్టు ముద్ర మీద పడి ఉంటే వదిలేయండి. అసలుదైతే ముందు అచ్చు, తర్వాత ముద్ర, కాబట్టి ముద్రే పైన ఉండాలి.

నిజంగా పెద్ద విలువ ఉందని తోస్తే నిపుణుల సర్టిఫికెట్ లేకుండా అమ్మొద్దు, కొనొద్దు. ఫిలాటెలీ అంటే స్టాంపుల సేకరణ; లండన్‌లోని రాయల్ ఫిలాటెలిక్ సొసైటీ నిపుణుల కమిటీ ఇచ్చే సర్టిఫికెట్‌కు అన్ని చోట్లా గౌరవం ఉంది. వందేళ్లు దాటిన వస్తువులను దేశం బయటికి పంపే విషయంలో 1972 నాటి పురావస్తువుల చట్టం ఉంది, ఏదైనా బయటికి పంపేముందు నియమాలు కనుక్కోండి.

దాచడం

మన వైపు వాతావరణం స్టాంపులకు పగ. వేసవిలో తిరుపతి నలభై డిగ్రీలు దాటుతుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమ. ఆ తేమకు జిగురు మెత్తబడి వాడని స్టాంపులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, కాగితం మీద తుప్పు రంగు బూజు మచ్చలు వస్తాయి. వెండి పురుగులు జిగురు కోసమే వస్తాయి.

స్టాంపులకు స్టాక్ బుక్ (అతికించకుండా పట్టీల వెనక దోపుకునే పుస్తకం), కవర్లకు ఆమ్లం లేని కాగితపు సంచులు లేదా పీవీసీ కాని ప్లాస్టిక్ తొడుగులు వాడండి. పుస్తకాన్ని నిలువుగా పెట్టండి, పడుకోబెట్టి పైన బరువు పెట్టొద్దు. బీరువాలో సిలికా జెల్ పొట్లాలు వేసి వానాకాలంలో మార్చుతూ ఉండండి. అప్పుడప్పుడూ తెరిచి ఎండ పడని చోట గాలి తగలనివ్వండి. నాఫ్తలీన్ ఉండలు స్టాంపుల పక్కన పెట్టొద్దు. జిగురు పేజీలున్న ఫోటో ఆల్బమ్ అసలు వద్దు. లామినేషన్ అన్నిటికంటే ఘోరం, ఒకసారి చేయిస్తే ఆ స్టాంపు పని అయిపోయినట్టే. ప్రేమతోనే చేయిస్తారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. అతుక్కుపోయిన స్టాంపులను లాగి విడదీయకండి, తెలిసినవాళ్లకు చూపించండి.

ఈమధ్య కాలపు మామూలు కవర్ల మీది స్టాంపులు మాత్రం పిల్లలు నానబెట్టుకోవచ్చు. గోరువెచ్చని నీళ్లలో పావుగంట బోర్లా వేస్తే కాగితం దానంతట అదే వదులుతుంది. ట్వీజర్స్‌తో తీసి రెండు అద్దుడు కాగితాల మధ్య ఆరబెట్టి పైన బరువు పెట్టాలి. రంగు కవర్లవి వేరుగా నానబెట్టండి, రంగు దిగి పక్కవాటికి అంటుతుంది.

ధర అడగడం, అమ్మడం

స్టాంపుల ధరల జాబితా అయిన స్టాన్లీ గిబ్బన్స్ క్యాటలాగ్‌లో మీ స్టాంపు ఎదురుగా ఉన్న అంకె చూసి సంతోషపడకండి. అది మంచి స్థితిలో ఉన్నదాన్ని దుకాణదారు అమ్మే ధర. మీ దగ్గర కొనేటప్పుడు అందులో కొంత భాగమే ఇస్తాడు, అది అన్యాయం కూడా కాదు. ఒకరి మాట మీద ఆధారపడకుండా ఇద్దరు ముగ్గురికి చూపించండి. కట్టను తూకం లెక్కన అడిగితే ఇవ్వొద్దు, మంచి కవరు ఒకటి ఆ తూకంలోనే పోతుంది.

తిరుపతి వాళ్లకు చెన్నై దగ్గర, పొద్దున రైలు ఎక్కితే మధ్యాహ్నానికల్లా పని మొదలుపెట్టుకోవచ్చు. అన్నా రోడ్ హెడ్ పోస్టాఫీసులో ఫిలాటెలిక్ బ్యూరో, అంటే స్టాంపుల సేకర్తల కోసం తపాలా శాఖ పెట్టిన విభాగం, ఉంది. సౌత్ ఇండియా ఫిలాటెలిస్ట్స్ అసోసియేషన్ కూడా చెన్నైలోదే, అమ్మే తొందర లేకుండా మంచి మాట చెప్పేవాళ్లు అలాంటి సంఘాల్లోనే దొరుకుతారు. హైదరాబాద్ వెళ్లేవాళ్లకు ఆబిడ్స్ జీపీఓ ఉంది. ఒరిజినల్స్ మొత్తం మోసుకెళ్లొద్దు, ముందు ఫోటోలు చూపించి అడిగినవాటినే తీసుకెళ్లండి.

వాట్సాప్‌లో "మీ స్టాంపుకు పది లక్షలు, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు పంపండి" అని వస్తే అది మోసం. కొనేవాడు మీకు డబ్బు ఇవ్వాలి కానీ మీ దగ్గర అడగడు. పాత నోట్లు, నాణేల పేరుతో ఇలాగే తన పేరు వాడుకుని వసూళ్లు చేస్తున్నారని 2021లో రిజర్వు బ్యాంకే హెచ్చరించింది. స్టాంపుల్లోనూ అదే ఎత్తు నడుస్తోంది.

అమ్మడం ఇష్టం లేకపోతే ప్రతి కవరుతో ఒక చిన్న చీటీ పెట్టండి. రాసినవాళ్లు ఎవరు, మీ తాతకో జేజినాయనకో ఏమవుతారు, ఆ ఊళ్లో ఏం చేసేవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లను ఇప్పుడే అడిగి రాసి పెట్టండి. చీటీ మీద పెన్సిల్‌తోనే రాయండి, కవరు మీద ఏమీ రాయొద్దు. ఇంట్లో ఆరు నుంచి తొమ్మిది తరగతుల మధ్య చదివే పిల్లలుంటే తపాలా శాఖ ఇచ్చే దీన్ దయాళ్ స్పర్శ్ స్కాలర్‌షిప్ గురించి హెడ్ పోస్టాఫీసులో అడగండి. ఎంపికైతే ఏడాదికి ఆరు వేల రూపాయలు. దానికి బడిలో ఫిలాటెలీ క్లబ్ సభ్యత్వమో, పిల్లల పేరు మీద ఫిలాటెలిక్ డిపాజిట్ ఖాతానో ఉండాలి. ఆ ఖాతా తెరిస్తే కొత్తగా వచ్చే స్టాంపులు ఇంటికే వస్తాయి.